ఆయన టీ పెట్టిన క్రిస్మస్

ఆ క్రిస్మస్‌కి ఐర్లండ్‌లోని అత్లోన్‌లో ఇంటింటా చదివిన టీవీ కామెడీల పేజీ రాసింది, అందరూ అనుకున్నట్టు డెబ్బై దాటిన ఐరిష్ పెద్దావిడ కాదు. నేను. ఈ మాట ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకూ నేను చెప్పలేదు, వాళ్లే పట్టేశారు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే కాస్త జుట్టు నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. కానీ నేను చేసిన ఉద్యోగం నాకంటే ముందే ముసలిదైపోయింది. టీవీలో ఏది ఎన్నింటికి వస్తుందో టైపు చేసి పత్రికలో వేసే మనిషి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి నన్ను రిటైరైనదాని కిందే లెక్కేసుకోండి. ఇక్కడి యూనివర్సిటీకి కొత్తగా వచ్చి, సాఫ్ట్‌వేర్ తప్ప లోకంలో ఇంకో పని లేదేమోనని బెంగపడే చెల్లెళ్లూ తమ్ముళ్లూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. ఇందులో నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే నాక్కూడా చెప్పండి.

మాది నది పక్క సందులో, మందుల షాపు పైన, రెండు గదుల్లో నడిచే వారపత్రిక. చదువైపోయాక పెద్ద ఉద్యోగం దొరికేదాకా అని చేరాను. కరోనా వచ్చింది. పెద్ద ఉద్యోగాలన్నీ తలుపులు వేసుకున్నాయి, నేను అక్కడే ఉండిపోయాను. మిగతావాళ్లంతా ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లు. ఫోనెత్తడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి నన్ను ఆఫీసులో కూర్చోబెట్టారు. ఫోనంటే భయపడే మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టిన ఘనత మా ఎడిటరుగారిది. అది మోగగానే, ఏం చెప్పాలో ముందు డైరీలో రాసుకుని అప్పుడు ఎత్తేదాన్ని. సగంమంది ఈలోగా పెట్టేసేవాళ్లు. ఇద్దరికీ సుఖం.

నాతో ఇల్లు పంచుకున్న అక్కది వరంగల్. పక్క ఊరి ఆస్పత్రిలో డాక్టరు. నా ఉద్యోగం సంగతి మొదటిసారి విన్నప్పుడు ఆవిడ బూట్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది.

"ఏందే? టీవీ టైములు కొట్టే నౌకరీనా? మీ అమ్మకు జెప్పినవా?"

"డేటా ఉద్యోగం అని చెప్పానక్కా."

"గట్లనే ఉండనీ. అబద్ధం గాదు తియ్."

అక్క నవ్వింది గానీ, ఐర్లండ్‌లో డిసెంబరు వచ్చిందంటే ఆ టైములకు ఉండే విలువ చూస్తే తెలుస్తుంది. సెలవుల రోజులన్నిటి కార్యక్రమాలతో లావుపాటి సంచిక ఒకటి వేస్తారు. ఇంటిల్లిపాదీ దాన్ని ముందేసుకుని, చూడాలనుకున్నవాటి చుట్టూ పెన్నుతో సున్నాలు చుడతారు. అమ్మది నీలం సున్నా అయితే నాన్నది ఎరుపు. రెండు సున్నాలు ఒకే గంట మీద పడ్డాయంటే అలకలు మొదలు. సున్నాలన్నీ ఎక్కువగా బ్రిటిష్ ఛానెళ్ల మీదే, అందులోనూ కామెడీల మీదే పడతాయి. స్వాతంత్ర్యం తెచ్చుకున్నది వాళ్ల నుంచే అయినా, పండగ పూట నవ్వుకోవడానికి మాత్రం వాళ్ల ఛానెలే పెడతారు. దీని గురించి ఎవరికీ ఏ పట్టింపూ లేదు.

ఏ కామెడీ చూడాలో చెప్పే పేజీ మా పెద్దావిడది. ఎన్నో ఏళ్లుగా వారం వారం రాసేది. పేజీ పైన ఆవిడ పేరు ఉండేది కాదు, ఒక వాలుకుర్చీ బొమ్మ ఉండేది. ఆవిడ దగ్గర నక్షత్రాలూ మార్కులూ లేవు. "మా ఆయన" ఉండేవాడు. ఈ వైపు ఊళ్ల ఆడవాళ్లు భర్త పేరెత్తరు, మన అమ్మమ్మల్లాగా "ఆయన" అనే అంటారు. పేర్లు పడుతుండగానే మా ఆయన గురక పెట్టాడు అని రాసిందంటే ఆ కామెడీ పని అయిపోయినట్టే. సగం దాకా మేలుకున్నాడు అంటే ఊరంతా ఆ రాత్రికి వేరే పని పెట్టుకునేది కాదు. చివరిదాకా మేలుకున్నాడని ఎప్పుడూ రాయలేదు.

ఇక్కడ మీకు మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. క్రిస్మస్ సంచిక డిసెంబరు మొదట్లోనే అచ్చుకు వెళ్లిపోతుంది. అప్పటికి ఆ కార్యక్రమాలు ఛానెలువాళ్లే పూర్తి చేసి ఉండరు. లండన్ పెద్ద పత్రికలవాళ్లకు ముందుగా చూపిస్తారేమో. మాలాంటివాళ్లకు మూడు ముక్కల ప్రకటన, ఒక ఫోటో వస్తాయి. ఆ మూడు ముక్కల్లోంచి పేజీ పుట్టాలి. అంటే మా ఊరివాళ్లు అంత నమ్మకంగా సున్నాలు చుట్టుకునేది, ఎవరూ చూడనివాటి గురించి, చూడని మనిషి రాసిన మాటల్ని బట్టి.

ఆ ఏడు నవంబరు మొదట్లో పెద్దావిడ ఇంట్లో జారిపడింది. తుంటి విరిగి డబ్లిన్‌లోని ఒక ఆస్పత్రిలో చేరింది. కరోనా కాదు గానీ, కరోనా కాలం కాబట్టి చూడడానికి ఎవరినీ రానివ్వలేదు. నాలుగు వారాలు "సెలవులో ఉన్నారు" అని వేసి నెట్టుకొచ్చాం. క్రిస్మస్ సంచికకు అలా కుదరదు. ఎడిటరుగారు ఫోను చేశారు. ఎడిటరుగారికే కరోనా జ్వరం వచ్చి, సొంత ఇంట్లో ఒక గదిలో బందీగా ఉంది.

"చూడు, ఆ పేజీ తీసేసి ఏజెన్సీ నుంచి చవకగా కొందామని ఓనర్లు ఎప్పటి నుంచో కాచుక్కూర్చున్నారు. క్రిస్మస్‌కి ఖాళీ వదిలామా, ఇక ఆవిడ తిరిగొచ్చినా రాయడానికి చోటుండదు. ఆవిడకున్నది ఆ పేజీ ఒక్కటే. పోయినేడాదిది తీసి, కార్యక్రమాల పేర్లు మార్చెయ్. ఎవరూ గమనించరు."

"మీరొకసారి చూస్తారా?"

"తల ఎత్తలేకపోతున్నాను. నువ్వు చేస్తే గ్రాండ్‌గానే ఉంటుంది." దగ్గు వచ్చి పెట్టేసింది.

పేర్లు మార్చడానికే కూర్చున్నాను. కానీ పోయినేడాది పేజీ నిండా చుట్టాలు. సోఫాలో చోటు కోసం తోసుకునే మేనల్లుళ్లు, బిస్కెట్ల డబ్బాలో కింది వరుస కాజేసే వదినగారు. ఈ ఏడు వాళ్లనెవర్ని రానిస్తారు? ఒక్కొక్కరినీ తీసేస్తూ వచ్చాను. చివరికి పెద్దావిడ, ఆయన, టీవీ మిగిలారు. ఆ ముగ్గురితో నేనే రాయాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే, చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో తల దూర్చి బతికినదాన్ని, ఎవరైనా నన్ను ఇలా రాయక తప్పని మూలకు నెట్టేస్తే బావుండునని ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్నాను.

ఆవిడ రాసే తీరు పట్టుకోవడానికి సాయంత్రాలు పాత బ్రిటిష్ కామెడీలు పెట్టుకుని కూర్చున్నాను. అక్క డ్యూటీ నుంచి వచ్చి, ముక్కు మీద మాస్కు గీత అలా ఉండగానే పక్కన కూలబడేది.

"మళ్ల గదే పెట్టినవా? గా నవ్వులన్నీ డబ్బాలకెల్లి వస్తున్నయ్. మనకైతే వస్తలెవ్వు."

అంతే, నిద్ర. నాకు కావలసిన "ఆయన" దొరికాడు. ఏ జోకుకు అక్క కనురెప్ప కదిలింది, దేనికి నోరు తెరుచుకుంది, చూసి రాసుకునేదాన్ని. ఒక సాయంత్రం తెర మీద ఒకాయన సీరియస్‌గా ఉపన్యాసమిస్తూ వెనక్కి నడిచి చెరువులో పడ్డాడు. అక్క ఠపీమని లేచింది, పకపకా నవ్వింది, నేనేమీ అడగకుండానే వంటింట్లోకి పోయింది. ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అలమర తలుపులన్నీ తెరిచి మూసిన చప్పుడైంది. రెండు కప్పులతో వచ్చింది. టీ నల్లగా ఉంది.

"అక్కా, పాలు?"

"మర్చిపోయిన. తాగు, గట్లనే మంచిగుంటది."

తను తాగేసి మళ్లీ పడుకుంది.

ఆ ముక్క అలాగే ఎత్తి ఆయనకు తగిలించాను. ఈసారి ఛానెళ్లు పంపిన ప్రకటనల్లో నాకు బాగా నచ్చింది, చేపల వేపుళ్ల దుకాణం నడిపే ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ. ఒక లైట్‌హౌస్‌లో ఇరుక్కుపోయిన ఇద్దరు శత్రువుల కథ మాత్రం పరమ నీరసంగా అనిపించింది. కాబట్టి ఇలా రాశాను: "లైట్‌హౌస్ పేరు వినగానే మా ఆయన కళ్లు మూతలు పడ్డాయి. అందులో దీపం వెలిగినా ఆయనకు తెలియదు. ఆ అక్కచెల్లెళ్లు చేపలు వేయించడం మొదలుపెట్టారో లేదో, లేచి కూర్చున్నాడు. నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వంటింట్లోకి వెళ్లి, ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాడు. ఇంతకంటే ఆ కార్యక్రమం గురించి నేను చెప్పగలిగింది లేదు."

చివర్లో "పాలు మర్చిపోయాడు" అని కూడా రాశాను. పక్కనున్న పొయ్యిల షాపు ప్రకటన అనుకున్నదానికంటే పెద్దదొచ్చి, చోటు చాలక ఆ ఒక్క వాక్యం తీసేశాను. ఆయన టీ పెట్టడంలో వింత ఉంటుందని మాత్రం నాకు తట్టనే లేదు. తెనాలిలో మా ఇంట్లో పొద్దున్నే అందరికీ కాఫీ కలిపేది నాన్నే. మగవాడు లేచి స్టవ్ వెలిగిస్తే వార్త అవుతుందని నాకెలా తెలుస్తుంది?

సంచిక వచ్చిన మర్నాటి నుంచి ఫోను ఆగలేదు. డైరీలో నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వేళల గురించే. వాళ్లు వేళల గురించి అడగలేదు.

"ఆయన నిజంగా టీ పెట్టాడా?" అంది మొదటావిడ.

"పత్రికలో అలాగే ఉందండీ," అన్నాను.

"ఆ ముక్క కత్తిరించి మా కెటిల్‌కి అతికించాను. చూద్దాం, మా ఆయనకు ఎప్పుడు కనిపిస్తుందో."

తర్వాత ఒక రైతు. "అమ్మాయ్, ఆ పెద్దావిడకు మేమేం అపకారం చేశాం? నిన్న రాత్రి నుంచి మా ఇంట్లో టీ పెట్టేది నేను. రుచిగా లేదని తిట్లు తినేది కూడా నేనే." ఇంకొకాయన వాళ్లావిడ పక్కనే నిలబడి మాట్లాడిస్తోందని తెలిసిపోయేలా గొణిగాడు, టీ పొడి ఎన్ని చెంచాలు వేయాలో ఆ పేజీలో రాసి ఉంటే బావుండేదట. నాకు భలే సరదాగా ఉంది. జన్మలో మొదటిసారి, ఫోను మోగితే డైరీ వైపు చూడకుండా ఎత్తుతున్నాను.

అప్పుడొక ముసలావిడ చేసింది. మాటకు ముందే ముక్కు చీదుకున్న చప్పుడు.

"ఎంత బాగా రాసిందమ్మా. లేచాడటగా. పాపం, దేవుడు ఆయన ఆత్మకు శాంతినివ్వాలి."

పెట్టేసింది. ఇక్కడివాళ్లు ఊరికే దేవుణ్ని తలుచుకుంటారని తెలుసు. కానీ ఆత్మ శాంతి మాత్రం బతికున్నవాళ్లకు కోరరు.

ఎడిటరుగారికి చేశాను. జ్వరం తగ్గి, ఆవిడ అప్పుడే సూపు తాగుతోంది.

"మన పెద్దావిడ వాళ్లాయన..."

"ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎందుకు?"

"మరి ప్రతి వారం నిద్రపోతున్నాడని రాస్తారు?"

"నిద్రపోతూనే ఉన్నాడు కదా," అంది. తర్వాత చెంచా కింద పెట్టిన చప్పుడు. "ఆగు. పోయినేడాది పేజీలో ఆయన సంగతి ఏమీ మార్చలేదుగా నువ్వు?"

"కొంచెం లేపాను."

"లేపడమేమిటి?"

"లేచి, టీ పెట్టాడు."

కాగితాలు తిప్పిన చప్పుడు. ఆవిడ తన పత్రిక తీసి చదువుతోందని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"ఊరంతా ఆయన అంత్యక్రియలకు వెళ్లింది," అంది చివరికి. "ఆ మరుసటి వారం పేజీలో ఆవిడ, మా ఆయన కుర్చీలో గురక పెడుతున్నాడు అని రాసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈ రోజు వరకూ ఒక్కరూ ఏమీ అనలేదు. ఇదంతా ఊరు ఊరంతా కలిసి నడుపుతున్న నిద్ర, తెలుసా? దాన్ని నువ్వు వెళ్లి తట్టి లేపావు." కాస్త ఆగి, "తప్పు నాది. నీకు చెప్పి ఉండాల్సింది. ఆ ఆస్పత్రికి నేనే పోస్టులో పంపించాను సంచిక," అంది.

పేజీ పైన వాలుకుర్చీ బొమ్మను అప్పుడు మళ్లీ చూశాను. రోజూ చూసేదే. అది ఖాళీగా ఉందన్న సంగతి అంతవరకు గమనించలేదు.

ఇక ఆవిడ రాయదేమో. రాయకపోతే ఓనర్లకు పండగే. పేజీ కాపాడబోయి పేజీకి ఉన్న ప్రాణం తీసినట్టయింది నా పని. అంతకంటే, ఎవరినీ చూడలేక, కదలలేక ఆ మంచం మీద పడుకున్న మనిషి ఆ వాక్యం చదువుతున్నట్టు ఊహించుకోవడం ఇంకా కష్టంగా ఉంది. క్షమించమని రాద్దామని కూర్చుని ఎన్నో కాగితాలు చించాను. ఎడిటరుగారు వద్దంది. "ఆవిడే మాట్లాడుతుంది. మాట్లాడకపోతే, అదే జవాబు."

క్రిస్మస్ రోజున అక్కకు సెలవు దొరికింది. ఇద్దరం పులిహోర కలుపుకుని, ఊరందరితోపాటు చేపల అక్కచెల్లెళ్ల ముందు కూర్చున్నాం. ఘోరంగా ఉంది. అక్కచెల్లెళ్లు కరోనా కారణంగా ఒకరికొకరు రెండు మీటర్ల దూరంలో నిలబడి, చేపల మీద నాక్కూడా అర్థమైపోయేంత చచ్చు జోకులు వేసుకున్నారు. పేర్లు పడుతుండగానే అక్క నిద్రపోయింది. మర్నాడు లైట్‌హౌస్ పెట్టాం. ఇద్దరు శత్రువులూ ఒక్క డబ్బా బఠానీల కోసం చేసిన యుద్ధానికి అక్క సోఫా మీంచి జారి కిందపడి నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"గింత మంచిగున్నదాన్ని చూడొద్దని రాసిందెవరే మీ పేపర్ల? గామెకు మతి ఉన్నదా?"

"పెద్దావిడ కదక్కా," అన్నాను.

జనవరి మొదటి వారంలో ఆఫీసు తెరిచాం. కిటికీలు తీసి ఉంచాలన్న నియమం కాబట్టి కోటు వేసుకునే టైపు చేస్తున్నాను. ఫోను మోగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు పెద్దావిడ ఇంటికి చేరింది, మళ్లీ రాసింది, నేను ఆ ఉద్యోగం మానేదాకా ఆవిడ పేజీ వారం వారం నేనే టైపు చేశాను. ఒక్క వారం కూడా ఆయన కుర్చీలోంచి లేవలేదు. కానీ మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ రోజు ఫోనులో, ఆ ఒక్కసారే.

నర్సు ఎవరో, "మీతో మాట్లాడతారట, ఉండండి," అని ఫోను అందించింది.

"వేళలు టైపు చేసే అమ్మాయివి నువ్వేనా?"

"అవునండీ."

"నా పేజీ రాసింది నువ్వు."

అది ప్రశ్న కాదు. నేను డైరీ తిరగేశాను.

"ఉన్నావా? గాలి పీల్చిన చప్పుడొకటే వస్తోంది."

"ఉన్నానండీ."

"ఆ చేపల కథ ముందే చూశావా?"

"లేదండీ."

"మంచి పని చేశావు. నేనూ ఏనాడూ చూసి రాయలేదు. చూస్తే మొహమాటం వచ్చేస్తుంది. కానీ అది చెత్త. వార్డంతా నా మాట నమ్మి చూసింది. పక్క మంచం ఆవిడ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు."

"క్షమించండి."

"ఎందుకు? ఎంత ప్రశాంతంగా ఉందో తెలుసా ఇక్కడ?" కాస్త దగ్గింది. "సరే. ఆయన లేచాడు."

"నాకు తెలియదండీ. ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే లేపేదాన్ని కాదు."

"తెలిసినవాళ్లెవరూ లేపరమ్మాయ్. ఇన్నేళ్లలో ఒక్కరికీ ధైర్యం చాలలేదు, నాతో సహా." గొంతు కాస్త తగ్గింది. "నలభై ఏళ్లు కాపురం చేశాను. టీ పొడి ఏ ప్రెస్‌లో ఉంటుందో తెలియకుండానే పోయాడు ఆ మనిషి. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో. నమ్మబుద్ధి కావడం లేదు. ఇది మా ఆయన కాదు, ఇంకెవరినో తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు అనిపిస్తోంది. రాసింది నువ్వు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. తెచ్చాడు సరే. ఆ టీ ఎలా ఉంది?"

డైరీ నా ముందే తెరిచి ఉంది. దాన్ని మూసేశాను.

"పాలు మర్చిపోయాడండీ," అన్నాను.

అటువైపు వార్డులో ఎవరిదో ట్రాలీ చప్పుడు చేసుకుంటూ దూరంగా వెళ్లిపోయింది. తర్వాత, ఏడుపో నవ్వో తేల్చుకోలేని చిన్న ఊపిరి.

"అయితే ఆయనే," అంది.